హిమానీనదం మీద తాడు విద్య

హిమానీనదం పైకి గట్టి పలకలా కనిపించినా తన బరువుకు తానే కొండవాలు వెంట కిందికి జరుగుతూ ఉంటుంది. అడుగున నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట, లోయ మలుపు తిరిగినచోట పైపొర సాగలేక పగులుతుంది. పర్వతారోహకులు క్రెవాస్ అనేది ఆ పగులునే. చాలావరకు వీటి లోతు ముప్పై నలభై మీటర్లకు మించదు. అంతకంటే కింద ఒత్తిడికి మంచు మెత్తబడి ముద్దలా కదులుతుంది కనుక పగులు నిలవదు. నోరు తెరుచుకుని కనిపించేదానితో పెద్ద బెడద లేదు, చుట్టూ తిరిగి పోవచ్చు. ప్రమాదమంతా కొత్త మంచు కప్పేసిన పగులుతోనే. దానిమీద వంతెనలా పరుచుకున్న మంచు తెల్లవారుజామున మనిషిని మోస్తుంది, మధ్యాహ్నపు ఎండలో మోయకపోవచ్చు.

ఈ పగుళ్ళను తాడుతో ఎదుర్కొనే విద్యకు తొలి పాఠాలు ఫ్రాన్స్‌లోని షమొనీ గైడ్ల చావులు. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా వైద్యుడి బృందం మౌంట్ బ్లాంక్ ఎక్కుతుండగా మంచుచరియ విరిగి ముగ్గురు గైడ్లను ఒక పగులులోకి నెట్టింది. మరుసటి ఏడాదే అక్కడి గైడ్లు సంఘంగా ఏర్పడ్డారు. శవాలు సుమారు నలభై ఏళ్ళకు కొండ కింద బయటపడతాయని హిమానీనదాల వేగాన్ని కొలిచిన జేమ్స్ ఫోర్బ్స్ లెక్కగట్టాడు. 1861లో బోసాన్ హిమానీనదం చివర అవశేషాలు బయటపడ్డాయి. శాస్త్రం నెగ్గిన సందర్భమే గానీ, ఆ లెక్క సరిపోయినందుకు షమొనీలో సంతోషించినవాళ్ళు ఉండి ఉండరు.

ఆనాటి తాడు జనపనార, మనిలా నారతో పేనినది. నడుముకు చుట్టి ముడివేసుకునేవారు. 1864లో లండన్ ఆల్పైన్ క్లబ్ తాళ్ళ బలాన్ని పరీక్షించడానికి కమిటీ వేసింది. తాడు తెగకపోయినా నడుము మీద వేలాడే మనిషికి ఊపిరి ఆడదు, కొద్దిసేపట్లోనే స్పృహ తప్పుతుంది. పైవాళ్ళు లాగితే తాడు పగులు అంచులోని మెత్తటి మంచును కోసుకుంటూ లోపలికి దిగబడుతుంది. ఎంతమంది లాగినా కదలదు. రక్షణ పద్ధతులన్నీ ఈ రెండు చిక్కుల చుట్టూనే పెరిగాయి.

మంచుకొండల్లో స్కీ వాడకాన్ని ప్రచారం చేసిన ఆస్ట్రియా సైనికాధికారి గేఆర్గ్ బిల్గేరి ఒక ఉపాయం కనిపెట్టాడు. పడినవాడికి రెండు తాళ్ళు, ఒక్కో తాడు కొసన ఒక్కో పాదానికి ఉచ్చు. అతను ఒక కాలు ఎత్తగానే పైవాళ్ళు ఆ తాడు లాగి బిగిస్తారు; ఆ కాలు మీద నిలబడి రెండోది ఎత్తుతాడు. పైకి వచ్చే బలం పడినవాడి కాళ్ళదే. 1931లో అదే దేశస్థుడు కార్ల్ ప్రూసిక్ సన్నతాడుతో వేసే ముడిని ప్రకటించాడు: బరువు పడితే పెద్దతాడును పట్టేస్తుంది, బరువు తీస్తే జారుతుంది. దాంతో సాయం లేకుండానే తాడెక్కడం సాధ్యమైంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నైలాన్ తాడు, 1958లో స్విట్జర్లాండ్‌లో జుమార్ అనే లోహపు పట్టు వచ్చాయి. ఇన్ని వచ్చినా ప్రూసిక్ ముడి నేటికీ పాఠ్యాంశమే. జేబులో పట్టే సన్నతాడుకు మరమ్మతు అక్కర్లేదు.

స్కీ మీద పోయేవారి సంగతి కొంత వేరు. పొడవాటి పలకలు శరీరం బరువును పంచుతాయి కనుక కాలినడకన కూలే మంచు వంతెన స్కీలను మోయవచ్చు. 1912 డిసెంబరు 14న అంటార్కిటికాలో డగ్లస్ మాసన్ బృందంలో ముందు స్కీల మీద సాగిన మెర్ట్జ్ మంచు కప్పిన ఒక పగులును దాటాడు, మాసన్ స్లెడ్జ్ మీద కూర్చుని దాటాడు, వెనక కాలినడకన వచ్చిన నినిస్ కుక్కలతో, స్లెడ్జ్‌తో సహా అందులో పడిపోయాడు. అయితే స్కీ ఇచ్చే రక్షణే అజాగ్రత్తకూ దారితీస్తుంది. దిగువకు జారేటప్పుడు ఒకరికొకరు తాడు కట్టుకుంటే మలుపులు తిరగడం కష్టం, అందుకే చాలామంది విప్పేస్తారు. 1950లో అన్నపూర్ణ శిఖరం ఎక్కిన లూయీ లాషెనాల్ 1955 నవంబరులో మౌంట్ బ్లాంక్ పక్కనున్న వాలీ బ్లాంష్‌లో అలా తాడు లేకుండా స్కీ చేస్తూనే పగులులో పడి చనిపోయాడు. తాడు కట్టుకోకపోయినా నడుముకు హార్నెస్ ఉండాలని నేటి శిక్షకులు పట్టుబట్టేది ఇందుకే: పడినవాడికి పైనుంచి వదిలిన తాడు తగిలించుకోవడానికి ఒక చోటు ఉండాలి.

భారతదేశంలో ఈ విద్య సైన్యం ద్వారా, షెర్పాల ద్వారా వేళ్ళూనుకుంది. 1948లో కశ్మీర్‌లో 19వ డివిజన్ అధిపతిగా ఉన్న కొడగు సేనాని కె.ఎస్. తిమ్మయ్య గుల్మార్గ్‌లో స్కీ పాఠశాల పెట్టించాడు. అదే తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. కర్ణాటక ప్రభుత్వపు సాహస క్రీడల అకాడమీకి ఆయన పేరే ఉంది. 1954లో టెన్సింగ్ నార్గే స్విట్జర్లాండ్‌లో ఆర్నాల్డ్ గ్లాటార్డ్ దగ్గర శిక్షణ పొంది వచ్చాడు. ఆ ఏడాది నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ పేరిట మరో సంస్థ వచ్చింది. గుల్మార్గ్ స్కూలు అధిపతిగా పనిచేసిన నరేంద్ర కుమార్ 1976లో త్రిశూల్ శిఖరం నుంచి స్కీల మీద దిగిన యాత్రకు, 1978లో సియాచెన్ హిమానీనద యాత్రకు నాయకుడు.

ఎన్నడూ మంచు కురవని మారతహళ్ళికి ఈ చరిత్రలో చోటు దొరకడం వింతగా తోచవచ్చు. బెంగళూరు పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద మారతహళ్ళికి పడమర పక్కనే హెచ్‌ఏఎల్ ప్రాంగణం, దాని రన్‌వే ఉన్నాయి. ఫ్రెంచి లామా హెలికాప్టర్‌ను లైసెన్సు మీద చీతా పేరుతో తయారుచేసింది ఇక్కడే. భారత సాయుధ దళాలు హిమాలయాల అవసరం కోసం అడిగితే రూపొందిన యంత్రం అది. 1972లో లామా 12,442 మీటర్ల ఎత్తుకు ఎగిరి రికార్డు నెలకొల్పింది. 1984 ఏప్రిల్ 13న సియాచెన్‌లో బిలాఫాండ్ లా కనుమ దగ్గర కుమావూ రెజిమెంటు సైనికులను దింపినవి చీతాలే. అప్పటినుంచీ అక్కడ గాయపడినవారిని కిందికి చేర్చే పని ఎక్కువభాగం వాటిదే. కానీ పలుచటి గాలిలో చీతా మోయగలిగేది చాలా తక్కువ, పైగా పగులు లోపలికి ఏ హెలికాప్టరూ దిగదు. పడినవాణ్ణి పైకి తేవలసింది తోటివాళ్ళే.

2016 ఫిబ్రవరి 3న సియాచెన్‌లోని సోనమ్ పోస్టులో 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది మంచుచరియ కింద కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా సైనికుడూ ఉన్నాడు. ఆరో రోజున ధార్వాడ జిల్లావాసి హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికాడు, ఫిబ్రవరి 11న ఢిల్లీలో మరణించాడు. అక్కడా హెలికాప్టరు మోసినది మంచుకోత యంత్రాలను, మనుషులను, తవ్వింది చేతులే.

పౌరుల్లో తెలుగువారి దారి బండరాళ్ళ మీదుగా సాగింది. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి గుట్ట మీద. తర్వాతే డార్జిలింగ్ మంచు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాడు. వాటిలో అంటార్కిటికాలోని విన్సన్ అంతా హిమానీనదాల దారే. మారతహళ్ళి పీజీల్లో ఉండే తెలుగు ఇంజనీర్లకు రామనగర బండలు భువనగిరి లాంటివి. శని, ఆదివారాల్లో అక్కడ ప్రూసిక్ ఎక్కడం, కప్పీలతో బరువు లాగడం చక్కగా సాధన చేయవచ్చు. కారబినర్లనే లోహపు కొక్కేలను కప్పీలుగా వాడితే మూడింతల బలం వస్తుందని లెక్క చెబుతుంది, రాపిడికి అందులో పెద్ద భాగమే పోతుందని బండ చెబుతుంది.

బండ నేర్పలేనివి మూడు. తోటివాడు పడిన క్షణంలో ఐస్‌యాక్స్ దిగగొట్టి బరువు ఆపడం. స్కీనో సంచినో మంచులో అడ్డంగా పాతి లంగరు వేయడం. తాడు కోసుకోకుండా పగులు అంచున యాక్స్ పిడినో స్కీ పోల్‌నో పరచడం. ఇవి మంచు మీదే రావాలి. ఉత్తరకాశీలో బేసిక్ కోర్సులో ‘ఎ’ గ్రేడు వచ్చినవారికే అడ్వాన్స్ కోర్సులో చోటు దొరుకుతుంది. ఆ కోర్సులోనూ ముప్పు ఉంది. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దాండా-2 శిఖరం దగ్గర మంచుచరియ శిక్షణ బృందాన్ని పగులులోకి తోసేసింది. 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు. మృతుల్లో కర్ణాటకవాసులు ఉన్నారు. 1820లోనూ జరిగింది ఇదే రకం ప్రమాదం. పగులులో మంచు కూరుకుపోయాక ప్రూసిక్ ముడికి చేయగలిగింది లేదు, అందుకే కొత్త మంచు పడినప్పుడు ఏ వాలు ఎక్కకూడదో తేల్చుకోవడమూ ఈ విద్యలో భాగం. స్కీ యాత్రికులు తాడుతోపాటు మంచు కింద మనిషిని వెతికే ట్రాన్సీవర్, పొడవాటి కడ్డీ, పార కూడా సంచిలో పెట్టుకుంటారు.