తలకట్టు కథ: అసలేది, నకలేది?

ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ మధ్యతరగతి ఆడపిల్లలు పెళ్లినాడు రాజవంశాల టియారాలకు నకళ్లు చేయించి తలమీద పెట్టుకోవడం ఇవాళ వాడుకలో వున్న సంగతే. డయానా పెట్టుకున్నలాంటిది, ఎలిజబెత్ పెళ్లినాటిలాంటిది అని అడిగి మరీ కొనుక్కుంటారు. మన విమర్శకులలో చాలామంది దీన్ని ఒక్క మాటతో తేల్చేస్తారు: పై వర్గాన్ని చూసి వాతలు పెట్టుకునే బానిస మనస్తత్వం అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని విచారణ అక్కడితో ఆగిపోతే చరిత్రకు అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం. నకలును నిందించే ముందు, అసలు ఎక్కడినుంచి వచ్చిందో అడగవద్దా?

ముందుగా రూపం సంగతి. 1840లో విక్టోరియా రాణి తన పెళ్లికి వజ్రాల టియారా పెట్టుకోలేదు. నారింజపూల దండ చుట్టుకుంది. పెళ్లికూతురు తలకు వజ్రాల కిరీటం అనాదిగా వున్న ఆచారమనుకోవడం పొరపాటు. ఇవాళ నకళ్లు తీస్తున్న నమూనాలలో ముఖ్యమైనది సూర్యకిరణాల్లా నిటారుగా నిలిచే వజ్రపు కడ్డీల టియారా. దీని తాత రష్యాలో వుంది. పీటర్ చక్రవర్తి తన ఆస్థానానికి పాశ్చాత్య వేషం తొడిగాక, కొకోష్నిక్ అనే పాత తలకట్టు పల్లెల్లోనూ, వర్తకుల ఇళ్లలోనూ మిగిలింది. పెళ్లయిన ఆడవాళ్లు పండుగనాడు పెట్టుకునే అట్టా గుడ్డా తలకట్టు అది. 1834లో మొదటి నికొలస్ చక్రవర్తి ఆస్థాన స్త్రీల దుస్తులకు శాసనం చేసి, ఆ తలకట్టును మళ్లీ కొలువులోకి తెచ్చాడు. పల్లె తలకట్టుకు వజ్రాలు మొలిచాయి. ఇంగ్లండు యువరాణి అలెగ్జాండ్రా చెల్లెలు రష్యా చక్రవర్తి భార్య. చెల్లెలి తలమీదిదాన్ని చూసి అక్క ముచ్చట పడితే, 1888లో దొరసానులు చందాలు వేసుకుని అలాంటిదే చేయించి ఇచ్చారు. 1919లో మేరీ రాణి, తన పెళ్లికి విక్టోరియా ఇచ్చిన హారాన్ని విప్పించి అదే తరహాలో మరొకటి చేయించుకుంది. 1947 నవంబరు 20న ఎలిజబెత్ పెళ్లికి పెట్టుకున్నది దీన్నే. ఆ ఉదయం అది పుటుక్కున విరిగితే, కంసాలి ఆదరాబాదరా అతికి పంపాడు. 1973లో ఆమె కూతురూ, 2020లో మనుమరాలూ దాన్నే పెట్టుకుని పెళ్లాడారు.

ఇక డయానా పేరుతో లోకమంతా తెలిసిన ముత్యాల టియారా. మేరీ రాణి తన అమ్మమ్మ దగ్గర చూసినదానికి నకలుగా 1910 దశకంలో, తన వేరే నగలను విప్పించి చేయించుకున్నది అది. అంటే ఇవాళ దుకాణంలో దొరికేది నకలుకు నకలు! పల్లెను చూసి కోట, చెల్లెలిని చూసి అక్క, అమ్మమ్మను చూసి మనుమరాలు అనుకరిస్తే వారసత్వమైంది. గుమాస్తా కూతురు అనుకరిస్తే వెర్రి అయింది. ఈ తూకపురాళ్లు ఎవరివో మనం గుర్తించాలి.

రెండవది, సొమ్ము సంగతి. ఇక్కడ కథ మన గడపలోకి వస్తుంది. అదే 1947 పెళ్లికి హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, లండనులోని కార్టియే దుకాణంలో నచ్చినవి ఎంచుకొమ్మని పెళ్లికూతురికి కబురు పంపాడు. ఆమె ఒక వజ్రాల హారం, ఒక పూల టియారా ఎంచుకుంది. నగలు లండనువే, బిల్లు మాత్రం హైదరాబాదుది. నిజాం సొంత ఖర్చుకు సర్ఫేఖాస్ పేరుతో రాజ్యంలో దాదాపు పదోవంతు భూమి వుండేది. మిగతా పల్లెల్లో జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు వెట్టి చేయించుకునేవారు. ఆ పెళ్లికి పదహారు నెలల ముందు, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి నేలకొరిగాడు. పెళ్లి అయిన తొమ్మిది రోజులకు నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. స్వతంత్ర రాజుగా మిగలాలని బ్రిటన్ వైపు చూస్తున్న మనిషి పంపిన కానుకలో రాజకీయం లేదని నేననుకోను.

ఆ టియారా ఇప్పుడు లేదు. 1973లో దాన్ని విప్పి, బర్మా ప్రజలు ఇచ్చిన 96 కెంపులతో కలిపి ఇంకొకటి చేయించారు. గులాబీ పతకాలు, హారం మిగిలాయి. ఆ హారాన్ని 2014లో రాకుమారుడు విలియం భార్య ధరించింది. పత్రికలు దాన్ని ‘నిజాం హారం’ అన్నాయి. వెట్టి చేసిన వాడి పేరు పెట్టే అలవాటు నగల పుస్తకాలకు లేదు. వజ్రాల బరువు మాత్రం వుంటుంది. మన దగ్గరా అంతే: 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నిజాం నగలలో జేకబ్ వజ్రం 184.75 కారట్లని అందరికీ తెలుసు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని, మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారని పదిహేడో శతాబ్దంలో టవెర్నియే రాసిన సంగతి ఎందరికి తెలుసు?

మూడవది, నకలు పుట్టుక. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో స్ట్రాస్ అనే కంసాలి గాజుతో వజ్రాల తళుకు పుట్టించాడు. 1890 దశకంలో ఆస్ట్రియాలో స్వరోవ్‌స్కీ యంత్రంతో గాజును సాన పట్టడం మొదలెట్టాడు. 1970 దశకంలో మాస్కో శాస్త్రజ్ఞులు జిర్కోనియా స్ఫటికాలను పెంచే పద్ధతిని కుదిర్చారు. జారు వంశపు పెళ్లికూతుళ్లు పెట్టుకున్న గులాబీ వజ్రపు టియారా క్రెమ్లిన్ అద్దాల వెనుక వుంటే, అదే నగరపు ప్రయోగశాల రాజుల తళుకును సామాన్యుడి ధరకు దించింది.

మనకూ ఇలాంటి ఊరు వుంది. బందరు పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డు లేకుండా కోస్తాలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయి? అక్కడ ఇంటింటా ఆడవాళ్లు ఒక్కొక్క రాయీ అతుకుతారు. బంగారం కొనలేని తండ్రి పరువు నిలిపేది ఆ వేళ్లే. ఆ వేళ్లకు దక్కే కూలి ఎంత అన్నదే నకలు విషయంలో మనం అడగవలసిన ప్రశ్న.

అలాగని అనుకరణను నేను నెత్తికెత్తుకోవడం లేదు. గాజు టియారా వజ్రాన్ని చౌక చేసింది గాని, రాణి అనే ఊహను చౌక చేయలేదు. ఒక్క రోజుకైనా అలా కనిపించకపోతే పెళ్లి పెళ్లి కాదన్న భయాన్ని అమ్ముతూనే వుంది. మన బాసికం చూడండి. పెళ్లికొడుక్కీ, పెళ్లికూతురికీ ఇద్దరికీ కడతారు. పూలతోనో, బియ్యపు గింజలతోనో అయినా సరిపోతుంది. అది ఎవరినీ రాజును చేయదు, ఇద్దరినీ ఆనాటికి పెళ్లివారిని చేస్తుంది. రష్యా పల్లెల తలకట్టు కూడా కోటలోకి పోకముందు ఇలాంటిదే. అద్దాల పెట్టెలోని నగను చూసినా, దుకాణంలోని నకలును చూసినా, దాని వెల ఎంత అనే కాక, ఆ వెల ఎవరు కట్టారని కూడా అడగడం మనం అలవాటు చేసుకోవాలి.