సెవెసో స్త్రీలు: ఫ్రీజరులో దాచిన ఆధారం

ఆధారం లేనిదే చరిత్ర రచన లేదని మీకు తెలుసు. ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలో మనం పరిశీలించే ప్రధాన ఆధారం వాటిలో ఏ కోవకూ చెందదు. అది ఇటలీలో ఒక ఆసుపత్రి ప్రయోగశాల గడ్డకట్టించి దాచిన మనుషుల రక్తం. పర్యావరణంలో కలిసే రసాయనాలు స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యంపై చూపే ప్రభావాన్ని పిహెచ్.డి. స్థాయిలో పరిశోధించేవారికి సెవెసో అనే చిన్న పట్టణం పేరు తప్పక ఎదురవుతుంది. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో చూద్దాం.

మిలాన్ నగరానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సెవెసోను ఆనుకుని ఉన్న మేడా పట్టణంలో ఇక్మెసా అనే రసాయన కర్మాగారం ఉండేది. అక్కడ ట్రైక్లోరోఫినాల్ తయారయ్యేది. క్రిమినాశక మందులకు, కలుపు మందులకు అది ముడిసరుకు. 1976 జులై 10 శనివారం. వారాంతపు సెలవు కోసం రసాయన చర్య పూర్తికాకముందే పని ఆపి, ఆ షిఫ్టు కార్మికులు ఇళ్లకు వెళ్లిపోయారు. రియాక్టరులో మిగిలిన వేడి లోపలి పదార్థాన్ని క్రమంగా మరింత వేడెక్కించింది. మధ్యాహ్నం 12 గంటల 37 నిమిషాలకు పీడనం తట్టుకోలేక భద్రతా పలక పగిలిపోయింది. లోపలి పదార్థం మేఘంలా లేచి, గాలివాటున దక్షిణంగా సెవెసో ఇళ్ల మీదుగా సాగింది. ఈ రసాయన చర్య అదుపు తప్పి మితిమీరి వేడెక్కితే టిసిడిడి అనే డయాక్సిన్ పుడుతుంది. డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైనది అదే.

మేఘంలో ఉన్నది డయాక్సిన్ అని అధికారులకు స్పష్టంగా తెలియడానికి సుమారు పది రోజులు పట్టింది. ఈలోగా పెరట్లో పెంచుకున్న కుందేళ్లు, కోళ్లు చచ్చిపోతున్నాయి. పిల్లల చర్మం మీద మంటలు, పుండ్లు కనిపించాయి. తర్వాత అనేకమందిలో అవి క్లోరాక్నె అనే మొండి చర్మవ్యాధిగా తేలాయి. జులై 26న మొదలుపెట్టి, ‘ఎ’ మండలంగా గుర్తించిన ప్రాంతం నుంచి 700 మందికి పైగా ప్రజలను ఖాళీ చేయించారు. కాలుష్యం అంతకంటే తక్కువ ఉన్న ‘బి’ మండలంలో జనాన్ని ఉండనిచ్చారు గాని, చిన్నపిల్లలను, గర్భిణులను పగటివేళ బయటి ప్రాంతాలకు తరలించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పగలు ఉండకూడని చోట రాత్రి నిద్రపోవచ్చని చెబితే ఒక గర్భిణికి ఏమి అర్థం కావాలి?

ఆ వేసవిలో సెవెసో గర్భిణులు అడిగిన ప్రశ్న ఒక్కటే: నా బిడ్డ ఆరోగ్యంగా పుడుతుందా? డయాక్సిన్ జంతువుల పిండాలకు హాని చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. మనుషుల విషయంలో సమాధానం చెప్పగల వైద్యుడు లేడు. అప్పటికి ఇటలీలో గర్భస్రావం నేరం. తల్లి ఆరోగ్యానికి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం అనుమతించవచ్చని 1975లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఆధారంగా సెవెసో స్త్రీలకు అవకాశం ఇవ్వాలని స్త్రీవాద సంఘాలు కోరాయి; కాథలిక్ చర్చి తీవ్రంగా వ్యతిరేకించింది. పత్రికలు, పార్టీలు, మతపెద్దలు అందరూ మాట్లాడారు. కొందరు స్త్రీలు గర్భస్రావం చేయించుకున్నారు, ఎక్కువమంది బిడ్డలను కన్నారు. తర్వాత పరీక్షించిన పిండాల్లో డయాక్సిన్ వల్లనే అని చెప్పదగిన అంగవైకల్యాలు కనిపించలేదు. ఈ ఫలితాన్ని చూపి ఆ స్త్రీలు తొందరపడ్డారని అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. వారు నిర్ణయం తీసుకోవలసిన వారాల్లో ఆ ఫలితం ఎవరి చేతిలోనూ లేదు. 1978లో ఇటలీ గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది. ఆ చట్టానికి ముందు సాగిన వాదోపవాదాల్లో సెవెసో ఒక ముఖ్య ఘట్టం.

ఇప్పుడు రక్తం సంగతికి వద్దాం. ప్రమాదం తర్వాత వేలాదిమందికి రక్తపరీక్షలు జరిగాయి. దగ్గరలోని దేసియో ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసిన పావొలో మొకరెల్లి, ఆ నమూనాల్లో మిగిలిన సీరాన్ని పారవేయకుండా ఫ్రీజర్లలో భద్రపరిచారు. అలా దాచిన నమూనాలు దాదాపు 30,000. అంత కొద్ది సీరంలో డయాక్సిన్‌ను కొలిచే పద్ధతి 1976లో లేదు. అమెరికాలోని అట్లాంటాలో ఉన్న వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు 1980ల చివరలో దాన్ని సాధించారు. అప్పుడు సెవెసో సీసాలు బయటికి వచ్చాయి. ‘ఎ’ మండలానికి చెందిన ఒక చిన్నారి రక్తపు కొవ్వులో లక్ష కోట్ల భాగాలకు 56,000 భాగాల టిసిడిడి ఉన్నట్లు తేలింది. అప్పటివరకు మనుషుల్లో నమోదైన వాటిలో అదే అత్యధికం.

దీనివల్ల పరిశోధనలో వచ్చిన మార్పును మీరు గ్రహించాలి. అంతకుముందు ‘ఎవరు ఏ మండలంలో నివసించారు’ అన్నదే కొలమానం. ఒకే వీధిలో ఒకరు ఆ మధ్యాహ్నం తోటలో ఉండి ఉండవచ్చు, మరొకరు ఊళ్లోనే లేకపోవచ్చు. పటం మీద ఇద్దరూ ఒకటే. సీరం దొరికాక ఒక్కొక్క స్త్రీ శరీరంలోకి ఎంత చేరిందో విడివిడిగా తెలిసింది.

ఈ నమూనాల ఆధారంగా మొకరెల్లి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీకి చెందిన బ్రెండా ఎస్కెనాజీ కలిసి 1996లో సెవెసో స్త్రీల ఆరోగ్య అధ్యయనాన్ని ప్రారంభించారు. 1976లో 40 ఏళ్లు, అంతకు లోపు వయసులో ఉండి, సీరం నిల్వ ఉన్న 981 మంది స్త్రీలు ఇందులో పాల్గొన్నారు. గర్భస్రావాలకూ డయాక్సిన్ స్థాయికీ సంబంధం కనిపించలేదు. ఎండోమెట్రియోసిస్ ముప్పు ఎక్కువగా కనిపించినా, గణాంకపరంగా గట్టిగా చెప్పేంత కాదు. రొమ్ము క్యాన్సర్ విషయంలో 2002లో బలంగా కనిపించిన సంబంధం తర్వాతి పరిశీలనలో బలహీనపడింది. ఇలాంటి వెనకడుగులను దాచకుండా ప్రచురించడం వల్లనే ఈ అధ్యయనానికి విలువ అని గుర్తుంచుకోండి.

రెండు ఫలితాలు మాత్రం ఎవరూ 1976లో ప్రత్యేకంగా అడగని దిశలో వచ్చాయి. ప్రమాదం నాటికి రజస్వల కాని బాలికల్లో, డయాక్సిన్ స్థాయి పది రెట్లు పెరిగితే పెద్దయ్యాక ఋతుచక్రం సుమారు ఒక రోజు పొడవు పెరిగింది. అప్పటికే రజస్వల అయినవారిలో అలాంటి మార్పు లేదు. రెండోది 2010లో వెలువడింది: స్థాయి పది రెట్లు పెరిగితే, గర్భం రావడానికి పట్టే కాలం నాలుగో వంతు పెరిగింది; ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోయే అవకాశం దాదాపు రెట్టింపైంది. అందరూ గర్భిణుల గురించి వాదించుకుంటున్న రోజుల్లో, వీధిలో ఆడుకుంటున్న ఆడపిల్లల గురించి ఈ ప్రశ్న వేసినవారు అరుదు.

మన దేశంలో 1984 డిసెంబరు 2-3 రాత్రి జరిగిన భోపాల్ దుర్ఘటనతో దీన్ని పోల్చాలని మీకు అనిపించడం సహజం. అయితే ఒక తేడా ఉంది. డయాక్సిన్ కొవ్వులో చేరి ఏళ్ల తరబడి నిలుస్తుంది. శరీరంలో అది సగానికి తగ్గడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ నీటితో త్వరగా చర్య జరిపి రూపం మారిపోతుంది. అక్కడ ఇలాంటి సీసాలు దాచినా ఇంత తేలికగా లెక్క దొరికేది కాదు. అందుకే భోపాల్ స్త్రీల చరిత్ర ఎక్కువగా ఇంటింటి సర్వేల మీద ఆధారపడింది. దయారామ్ వర్మ 1987లో ప్రచురించిన సర్వేలో, దుర్ఘటన నాటికి గర్భంతో ఉన్న 865 మంది స్త్రీల వివరాలు ఉన్నాయి. వారిలో సుమారు 43 శాతం గర్భాలు సజీవ జననం వరకు చేరలేదు. ఇక్కడ సాక్ష్యం ఆ స్త్రీలు చెప్పిన మాటే.

సెవెసోలో కాలుష్యం సోకిన ‘ఎ’ మండలం మట్టిని, కూల్చిన ఇళ్ల శిథిలాలను భారీ గుంతల్లో పూడ్చి, పైన ఓక్ చెట్లు నాటారు. ఇప్పుడది ప్రజలు తిరిగే ఉద్యానవనం. ఆ 981 మంది స్త్రీలలో చాలామందికి ప్రమాదం తర్వాత పిల్లలు పుట్టారు. తల్లి శరీరంలో అప్పటికి మిగిలి ఉన్న డయాక్సిన్‌ను పాత సీసాల లెక్క నుంచి అంచనా కట్టి, 2014 నుంచి పరిశోధకులు ఆ పిల్లల ఆరోగ్యాన్ని కూడా నమోదు చేయడం మొదలుపెట్టారు.