సైకిలు దుకాణంలో పుట్టిన నిప్పురవ్వ

1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాక్ సమీపాన, ఇసుకతిన్నెల మీద, రైటు సోదరుల విమానం 12 సెకండ్లు గాలిలో నిలిచి 120 అడుగులు పోయిందని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ 12 సెకండ్లలో విమానంలోని చిన్న పెట్రోలు ఇంజను సుమారు నాలుగు వందల సార్లు నిప్పు పుట్టించుకొన్నదన్న సంగతి మాత్రం ఎవరూ అంతగా తలచుకోరు. ఒక్కొక్క రవ్వ సరైన సిలిండరులో, సరైన క్షణాన పడాలి. పడకపోతే రోడ్డు మీది మోటారుబండి ఆగుతుంది; దిగి తోసుకొని పోవచ్చును. ఆకాశంలో ఆ వీలు లేదు.

రైటు సోదరులు తమ ఇంజనును తామే చేయించుకోవలసి వచ్చింది. 1902 చివరలో వారు పలు మోటారు కంపెనీలకు ఉత్తరాలు వ్రాశారు. 8 లేక 9 అశ్వశక్తి ఇవ్వాలి, 180 పౌనులకు మించి తూగరాదు, ఎక్కువగా అదరరాదు - ఇవీ వారి షరతులు. అటువంటి ఇంజను ఏ కంపెనీ వద్దా దొరకలేదు. అప్పుడు డేటన్ నగరంలోని తమ సైకిలు దుకాణంలో పనిచేస్తున్న చార్లీ టేలరుకు ఆ పని అప్పగించారు. అతనివద్ద ఉన్న ముఖ్యమైన పనిముట్లు ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రం. ఉక్కు పలకకు వరుసగా రంధ్రాలు పొడిచి, మిగిలినది చెక్కివేసి, క్రాంకుషాఫ్టు తీశాడు. ఆరు వారాలలో నాలుగు సిలిండర్ల ఇంజను తయారయింది. అది వేడెక్కిన తరువాత కూడా 12 అశ్వశక్తి ఇచ్చేది. అడిగినదానికంటె అది ఎక్కువే.

ఆ ఇంజనులో స్పార్కు ప్లగ్గులు లేవు. ఈనాటి మెకానికులకు ఇది వింతగా తోస్తుంది. మరి నిప్పు ఎట్లా పుట్టింది? ఇంట్లో విద్యుద్దీపం స్విచ్చి ఆర్పేటప్పుడు ఒక్కొక్కసారి లోపల చిన్న మెరుపు కనిపిస్తుంది. ప్రవహిస్తున్న విద్యుత్తు తన దారి హఠాత్తుగా తెగిపోవడానికి ఒప్పుకోదు. విడిపోతున్న లోహపు మొనల నడుమ గాలిలోనుంచే దూకుతుంది. ఆ దారిలో ఒక తీగచుట్ట ఉంటే ఈ పట్టుదల మరీ ఎక్కువ. టేలరు ఇంజనులో ప్రతి సిలిండరు లోపలా రెండు లోహపు మొనలుండేవి. యంత్రంలోని చిన్న ఇరుసులు, కామ్‌లు వానిని కలిపి, సరైన క్షణాన విడదీసేవి. విడిపోయినప్పుడు రవ్వ పుట్టి పెట్రోలు ఆవిరిని అంటించేది. ఇంజను మొదలుపెట్టడానికి డ్రై బాటరీలు నేల మీద ఉండేవి. ఇంజను తిరగడం మొదలైన తరువాత గతిచక్రం అంచుకు ఒరసుకొంటూ తిరిగే మాగ్నెటో కరెంటు ఇచ్చేది. మాగ్నెటో డేటనులోనే కొన్నది. స్విచ్చి సాధారణమైన ఇనుపసామానుల దుకాణంలోది.

ఈ ఎన్నిక మొరటుగా కనిపించవచ్చును గాని తెలివితక్కువది కాదు. ప్లగ్గు ద్వారా రవ్వ దూకాలంటే వేలకొలది వోల్టులు కావాలి. అంత ఒత్తిడిగల విద్యుత్తును పక్కదారి పట్టకుండా ఆపడం ఆనాటి తీగల పైతొడుగులకు, పింగాణీకి కష్టమైన పని. పింగాణీ వేడికి పగిలేది. నూనె, మసి పట్టితే విద్యుత్తు వాని మీదుగానే జారిపోయేది. విడిపోయే మొనల పద్ధతిలో కొద్ది వోల్టులే చాలును. మొనలు అరిగితే దుకాణంలోనే సరిచేసుకోవచ్చును. అయితే దాని లోపం దానికి ఉంది. మంటలో కదిలే భాగాలు ఎక్కువ; ఇంజను వేగం పెరిగిన కొద్దీ వానిని సరిగా నడపడం కష్టం.

రవ్వ గాని పెట్రోలు గాని సమంగా అందకపోతే ఏమవుతుందో 1903 నవంబరు 5న కిట్టీహాక్‌లో తెలిసివచ్చింది. ఇంజను తడబడుతూ తిరిగింది. ఆ కుదుపులకు పళ్ళచక్రాలు వదులై, ప్రొపెల్లర్లను మోసే ఇరుసులు దెబ్బతిన్నాయి. వానిని బాగుచేయడానికి డేటనుకు పంపారు. తిరిగివచ్చినవానిలో మళ్ళీ బీట కనిపించగా ఆర్విల్ స్వయంగా వెళ్ళి కొత్త ఉక్కు ఇరుసులు తెచ్చాడు. అతడు తిరిగివచ్చేసరికి డిసెంబరు 11. చలికాలం ముదురుతున్నది. ఇంకొక్క ఆటంకం వచ్చివుంటే ఆ ఏడాది చరిత్ర మరొక విధంగా ఉండేదేమో.

ఆ ముందటి ఏడే, అంటే 1902లో, జర్మనీలోని స్టుట్గార్టులో రాబర్టు బాష్ కర్మాగారంలో గాట్లోబ్ హోనోల్డు అనే ఇంజనీరు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధం చేశాడు. సిలిండరులో ఇక కదిలే భాగం లేదు. మాగ్నెటోలోనే పుట్టిన అధిక ఒత్తిడి విద్యుత్తు తీగ వెంట వచ్చి ప్లగ్గు మొనల నడుమ దూకుతుంది. కొద్ది సంవత్సరాలకు రైటు సోదరులు కూడా తమ కొత్త ఇంజనులలో ఈ పద్ధతికే మారారు.

అక్కడినుంచి చిక్కంతా ప్లగ్గులోనికి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఫ్రెంచి ఇంజనులు కొన్ని సిలిండర్లతో సహా గిరగిర తిరిగేవి. వానికి కందెన ఆముదం! మన ఇళ్ళలో దీపానికీ, తలకూ వాడిన ఆముదమే ఆ ఇంజనులనుంచి పొగగా వెలువడి వైమానికుల ముఖాలకు పట్టేది; ప్లగ్గులకూ పట్టేది. పట్టితే రవ్వ లేదు.

పింగాణీకి బదులు అభ్రకాన్ని పలుచని పొరలుగా చుట్టి ప్లగ్గులు చేయడం ఆ రోజులలో విమానాలకు బాగా అచ్చివచ్చింది. అభ్రకం వేడికి పగలదు, విద్యుత్తును పోనివ్వదు. ఆనాడు ప్రపంచానికి కావలసిన పలక అభ్రకంలో అధికభాగం భారతదేశంనుంచే ఎగుమతి అయ్యేది. అందులో మొదటి స్థానం కోడర్మా, హజారీబాగు గనులది. తరువాత చెప్పుకోదగినవి అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతపు గనులు. కత్తితో అభ్రకం పొరలు విడదీసిన ఆ కూలీలలో ఎందరు విమానాన్ని దగ్గరగా చూచి ఉంటారు?

ప్లగ్గు ఎంచుకోవడంలో ఒక సూక్ష్మం ఉంది. ఇంజనులోనికి చొచ్చుకొనివుండే దాని ముక్కు సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడుకంటె చల్లగా ఉంటే మసి కాలిపోక పేరుకొంటుంది. సుమారు 900 డిగ్రీలు దాటితే ముక్కే నిప్పుకణికయై, రవ్వ పడకముందే పెట్రోలును అంటిస్తుంది. పిస్టను తలకు చిల్లి పడడానికి అది చాలు. అందువల్ల ముక్కు పొడవైన "వేడి" ప్లగ్గులు, ముక్కు పొట్టి అయిన "చల్లని" ప్లగ్గులు అని రకాలు వచ్చాయి. పొడవైన ముక్కునుంచి వేడి నెమ్మదిగా దిగుతుంది, పొట్టిదానినుంచి త్వరగా దిగుతుంది. మోటారుబండిలో చక్కగా పనిచేసిన ప్లగ్గు, అదే ఇంజను విమానంలో గంటల తరబడి పూర్తి బలంతో పనిచేసినప్పుడు ఓర్చుకోలేకపోవచ్చును.

ఈ కథ ఎటు తిరిగినా డేటను నగరానికే వస్తుంది. చార్లెస్ కెటరింగు 1909లో బాటరీతో నడిచే మోటారుకారు జ్వలన పద్ధతిని రూపొందించినది అక్కడే. 1917నాటి లిబర్టీ విమాన ఇంజనుకు మాగ్నెటో కాక ఆ బాటరీ పద్ధతినే అమర్చారు. పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజను తట్టడం ఆగుతుందని 1921లో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్నదీ డేటనులోనే. ఆ సీసం మనుషులకు విషమైంది. అభ్రకాన్ని కూడా కొరికివేసింది. క్రమంగా అల్యూమినియం ఆక్సైడును కాల్చి చేసిన గట్టి మట్టిసామాను దాని చోటు తీసుకొంది.

1929లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రపు పల్లెలో బెర్నార్డు పీటెన్‌పోల్ ఫోర్డు మోడల్ ఏ కారు ఇంజనుతో తన విమానాన్ని ఎగురవేశాడు. అతని నమూనాను చూచి ఎందరో పెరటి కొట్టాలలో విమానాలు కట్టుకొన్నారు. కారులో ఆ ఇంజను బాటరీతో నడిచేది. ప్లగ్గులకు కరెంటు ఉత్త లోహపు పట్టీల ద్వారా పోయేది. విమానంలో బాటరీ బరువు, పైగా అది అయిపోతే ఇంజనూ ఆగుతుంది. మాగ్నెటోకు ఎవరి సాయమూ అక్కరలేదు, ఇంజను తిరిగినంతసేపూ అది తిరుగుతుంది. అందుకే పలువురు బాటరీని విడిచి మాగ్నెటో పెట్టుకొన్నారు. కర్మాగారాలలో తయారైన విమాన ఇంజనులు అప్పటికే ఇంకొక అడుగు ముందు వేశాయి: సిలిండరుకు రెండు ప్లగ్గులు, వానికి రెండు వేరు మాగ్నెటోలు. ఒకటి చెడితే ఇంజను కొంచెం నీరసించి రెండవదానితో నడుస్తుంది. ఎగిరేముందు వైమానికుడు ఒక్కొక్క మాగ్నెటోను ఆపి, వేగం ఎంత తగ్గుతుందో చూచుకొంటాడు.

విమానాలలో రేడియో వచ్చాక తీగలకు మరొక పరీక్ష ఎదురయింది. మార్కోనీ తొలి వార్తలు పంపినది నిప్పురవ్వలతోనే. ఇంజను రవ్వలు కూడా అట్లాగే తరంగాలు చిమ్ముతూ చెవిలో గరగరలాడాయి. తీగలకూ ప్లగ్గులకూ లోహపు కవచం తొడిగి ఆ గోల అణచారు. నేడు మాగ్నెటోకు బదులు ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టుకొనేవారూ ఉన్నారు.

మాగ్నెటో తీగలలో అన్నిటికంటె సన్ననిది స్విచ్చికి పోయే తీగ. మాగ్నెటోను ఆపాలంటే దాని విద్యుత్తును ఆ తీగ ద్వారా ఇంజను లోహంలోనికి మళ్ళించాలి. తీగ తెగితే స్విచ్చి ఆపినా మాగ్నెటో ఆగదు. గాలిలో ఇది వరం: తెగిన తీగ ఇంజనును ఆపలేదు. నేల మీద మాత్రం, స్విచ్చి ఆపివున్నదనుకొని ప్రొపెల్లరును చేతితో కదిపిన మనిషికి అది ప్రాణాంతకం కావచ్చును. అందుకే విమాన మెకానికు స్విచ్చి ఆపివున్నా సరే, ఇంజను బతికేవున్నదనుకొని, ప్రొపెల్లరు తిరిగే మేరకు బయటనే నిలబడతాడు.