కబురు వినని గుమాస్తా

వారధి రాకముందు మా పెనుమూడి రేవు నుండి కృష్ణ దాటి పులిగడ్డకు పోవాలంటే పడవే దిక్కు. ఆవలి ఒడ్డున ధాన్యం ధర కనుక్కొని రమ్మని ఒకణ్ణి పంపారనుకుందాం. వాడు తిరిగివచ్చి "షావుకారు ఊళ్ళో లేడండీ" అన్నాడు. గుమాస్తా తలెత్తకుండా ఆ మాటనే ధర గడిలో వ్రాసుకున్నాడు. ఇది నా కల్పన. కాని లినక్స్ కెర్నెల్ చరిత్రలో ఇటువంటి గుమాస్తా నిజంగానే ఉన్నాడు.

సి భాషలో ఒక ఫంక్షన్ విఫలమైతే గంట మోగదు. సాధారణంగా ఒక ఋణసంఖ్యను తిరిగి ఇచ్చి ఊరుకుంటుంది. దానిని చూచుకొనే పూచీ పిలిచినవాడిదే. చూడకపోతే హెచ్చరించే సౌకర్యం జీసీసీ కంపైలరులో 2004 ప్రాంతాన వచ్చినా, ఏ ఫంక్షనుకు ఆ గుర్తు తగిలించాలన్నది మళ్ళీ మనిషి ఇష్టమే.

సన్ మైక్రోసిస్టమ్స్ వారి పది గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డుకు "నియు" అనే డ్రైవరు 2007లో కెర్నెల్‌లో చేరింది. కార్డు మీది ఈఈప్రామ్ నుండి మోడల్ పేరు, మ్యాక్ చిరునామా వంటివి ఒక్కొక్క బైటుగా చదువుకోవడం దాని పనులలో ఒకటి. చదవడం కుదరకపోతే ఆ ఫంక్షన్ -19 ఇస్తుంది. "అటువంటి పరికరం లేదు" అని అర్థం. డ్రైవరు దానిని పరీక్షించకుండా నేరుగా బఫరులో పెట్టేది. ఒక్క బైటులో -19 ఇమిడితే 237 అవుతుంది. అనగా "లేడు" అన్న కబురు, చూడ్డానికి సలక్షణమైన అంకెగా, చిరునామాలో కూర్చుంటుంది!

2019లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని దిద్దారు. విలువ ఋణసంఖ్య కాకపోతేనే బఫరులో వ్రాయమన్నారు. బాగానే ఉన్నదనిపిస్తుంది. కాని తప్పు వచ్చినప్పుడు గడి ఖాళీగా వదలి ముందుకు పోవడమే తప్ప, పైవాడికి చెప్పడం లేదు. నా దృష్టిలో ఇది మొదటి దోషం కన్న గడ్డుది. పరీక్ష ఉన్నది కనుక తరువాత చదివేవాడు అనుమానించడు.

అది బయటపడిన తీరు విచిత్రం. అదే విశ్వవిద్యాలయం వారు కావాలని లోపాలున్న ప్యాచీలు పంపి, సమీక్షకులు పట్టుకుంటారా లేదా అని పరీక్షించిన సంగతి 2021 ఏప్రిల్‌లో పెద్ద రభస అయింది. ఆ ప్యాచీలు మారుపేర్లతో పంపినవి. నియు సవరణ వాటిలోది కాదు. అయినా నమ్మకం పోయింది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన సుమారు 190 మార్పులను వెనక్కు తీయడానికి సిద్ధపడ్డారు. మొత్తం 435 మార్పులను తిరిగి చదివారు. అత్యధికం సరైనవే. 39 మాత్రం దిద్దవలసినవిగా తేలాయి. కోపంతో మొదలైన పని గనుక అన్నిటినీ గంపగుత్తగా పారవేసి ఉండవచ్చు. అలా చేయకుండా ఒక్కొక్కటీ చదివిన ఓపిక నన్ను ఆకట్టుకున్నది.

ఆ చదువులోనే నియు సవరణ దొరికింది. తప్పును పైకి అందజేయలేదన్న కారణం వ్రాసి, దానిని తొలగించారు. వేరొకరు కొత్తగా వ్రాసిన సవరణలో, చదవడం విఫలమైన క్షణమే ఆ ఋణసంఖ్యను పిలిచిన ఫంక్షనుకు, అక్కడి నుండి దాని పై ఫంక్షనుకు అప్పగించారు. అప్పటికి సన్ సంస్థ ఒరాకిల్‌లో కలిసిపోయి పదకొండేళ్ళు.