హెడర్ ఫైళ్ళ విలీనం

హెడర్ ఫైళ్ళ విలీనం అనగా సి భాషలో వ్రాసిన ప్రోగ్రాముకు లేదా లైబ్రరీకి చెందిన పలు హెడర్ ఫైళ్ళను ఒకే ఫైలుగా కూర్చే ప్రక్రియ. దీనివలన లైబ్రరీని వాడుకొనేవారు పది ఫైళ్ళకు బదులు ఒక్క ఫైలును చేర్చుకొంటే సరిపోతుంది. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో ఈ పనిని తరచుగా ఒక చిన్న షెల్ స్క్రిప్టుతో చేస్తారు. ఫైళ్ళను ఒకదాని వెనుక ఒకటి అతికించడం సులభమే. కాని విలీనమైన ఫైలు అసలు ఫైళ్ళ అర్థాన్నే ఇవ్వాలంటే స్క్రిప్టు కొన్ని నియమాలను పాటించవలసి ఉంటుంది.

నేపథ్యం

సి భాషను డెన్నిస్ రిచీ 1970వ దశకం తొలి సంవత్సరాలలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించాడు. ఫంక్షన్ల ప్రకటనలు, స్ట్రక్చర్ల నిర్వచనాలు, మాక్రోలు హెడర్ ఫైళ్ళలో ఉంటాయి. ఇంక్లూడ్ ఆదేశం కనిపించిన చోట ప్రీప్రాసెసర్ ఆ ఫైలులోని పాఠాన్ని తెచ్చి నిలుపుతుంది. ఫైలు పేరు కోణపు గుర్తుల మధ్య ఉంటే సాధారణంగా అది కంపైలరుకు లేదా వ్యవస్థకు చెందిన హెడర్. జంట ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంటే, ఆ ఆదేశమున్న ఫైలు డైరెక్టరీలో మొదట వెదకడం కంపైలర్ల రివాజు. ప్రామాణిక హెడర్లు 1989 నాటి ప్రమాణంలో 15, 1999 ప్రమాణంలో 24, 2011 ప్రమాణంలో 29 కలవు.

ఒకే హెడర్ రెండుసార్లు చేరకుండా ఉండుటకు దాని మొదట, చివర కొన్ని షరతు పంక్తులు వ్రాస్తారు. వీటిని ఇంక్లూడ్ గార్డు అంటారు.

ఫైళ్ళను కలిపి పంపిణీ చేయడానికి ప్రసిద్ధ ఉదాహరణ ఎస్‌క్యూలైట్ డేటాబేసు. డి.రిచర్డ్ హిప్ 2000లో ప్రారంభించిన ఈ సాఫ్టువేరులో వందకు పైగా సోర్సు ఫైళ్ళను ఒకే సి ఫైలుగా కూర్చి పంపిణీ చేస్తారు. అందుకు టిసిఎల్ భాషలో వ్రాసిన స్క్రిప్టును వాడుతారు.

ఉదాహరణ

హైదరాబాదు మెట్రో ఎరుపు మార్గంలో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ వరుస స్టేషన్లు. అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు గల భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. ఈ నాలుగు స్టేషన్ల మధ్య టికెట్టు ధరను లెక్కగట్టే ఒక విద్యార్థి ప్రోగ్రామును ఊహిద్దాము. అందులో స్టేషన్, ఫేర్, టికెట్, మెట్రో అనే నాలుగు హెడర్లున్నవి. ఫేర్ హెడర్‌కు స్టేషన్ హెడర్ కావాలి. టికెట్‌కు ఆ రెండూ కావాలి. మెట్రో హెడర్ అన్నిటినీ కలుపుకొంటుంది.

క్యాట్ ఆదేశంతో డైరెక్టరీలోని హెడర్లన్నిటినీ అతికిస్తే అవి ఆంగ్ల అక్షరక్రమంలో వస్తాయి. అప్పుడు ఫేర్ మొదట, స్టేషన్ మూడవది అవుతుంది. లోపలి ఇంక్లూడ్ పంక్తులను తొలగిస్తే, స్టేషన్ స్ట్రక్చర్ నిర్వచనం కంటె ముందే దాని ప్రస్తావన వచ్చి కంపైలరు దోషం చూపుతుంది. తొలగించకుంటే, విద్యార్థి యంత్రంలో అన్ని ఫైళ్ళూ ఉన్నందున ప్రోగ్రాము పనిచేస్తుంది, ఒక్క విలీన ఫైలునే అందుకొన్న మిత్రుని యంత్రంలో పనిచేయదు. సరియైన వరుస: స్టేషన్, ఫేర్, టికెట్, మెట్రో.

సాధారణ లోపాలు

* ఫలిత ఫైలు అదే డైరెక్టరీలో ఉంటే, రెండవసారి నడిపినపుడు అదికూడా హెడర్ల జాబితాలో చేరుతుంది.
* ఒక ఫైలు చివరి పంక్తికి పంక్తి ముగింపు లేకపోతే, తరువాతి ఫైలు మొదటి పంక్తి దానికి అతుక్కొంటుంది. గార్డు ఆదేశం ఈ విధంగా చెడిపోవచ్చును.
* షెల్‌లోని రీడ్ ఆదేశాన్ని ఆర్ ఎంపిక లేకుండా వాడితే వెనుక గీతలు మాయమవుతాయి. పదవాక్యాలలోని కొత్త పంక్తి గుర్తు కేవలం ఎన్ అక్షరంగా మిగులుతుంది. కంపైలరు దీనిని దోషంగా చూపదు, కనుక ఇది ప్రమాదకరం.
* విండోస్‌లో వ్రాసిన ఫైళ్ళలో పంక్తి చివర అదనపు అక్షరం ఉండుటచే ఇంక్లూడ్ పంక్తిని స్క్రిప్టు గుర్తించలేకపోవచ్చును.
* ప్రాగ్మా వన్స్ ఆదేశం ఫైలును గుర్తుపెట్టుకొనునదే గాని అందులోని పాఠాన్ని కాదు. విలీన ఫైలులో ఒకే పాఠం రెండుచోట్ల ఉంటే అది ఆపలేదు.

స్క్రిప్టును మెరుగుపరచడం

మంచి స్క్రిప్టు డైరెక్టరీ జాబితాతో గాక ప్రధాన హెడర్‌తో మొదలవుతుంది. ఒక్కొక్క పంక్తిని చదువుతూ, ఉల్లేఖన చిహ్నాలతో కూడిన ఇంక్లూడ్ ఎదురైనపుడు ఆ ఫైలులోనికి వెళ్ళి, దానిని పూర్తిచేసిన తరువాతనే వెనుకకు వస్తుంది. కోణపు గుర్తులున్న పంక్తులను అలాగే ఉంచుతుంది. ఒక ఫైలులో ప్రవేశించగానే దాని పేరును జాబితాలో నమోదు చేయాలి. పూర్తయిన తరువాత నమోదు చేస్తే, ఒకదానినొకటి పిలుచుకొనే రెండు హెడర్ల మధ్య స్క్రిప్టు అంతులేకుండా తిరుగుతుంది.

ఈ జాబితా విషయంలో షెల్‌కు ఒక పరిమితి ఉన్నది. ఉప-షెల్‌లో మార్చిన చరరాశి విలువ మాతృ షెల్‌కు తెలియదు. కావున జాబితాను ఒక తాత్కాలిక ఫైలులో ఉంచడం గాని, మొత్తం పనిని ఆక్ భాషకు అప్పగించడం గాని మేలు. అహో, వైన్‌బెర్గర్, కెర్నిగన్ 1977లో రూపొందించిన ఆక్ పంక్తుల వారీ పనికి షెల్ కంటె వేగవంతమైనది.

షరతుల లోపల ఉన్న ఇంక్లూడ్ ఆదేశాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక హెడర్ మొదటిసారి కేవలం విండోస్‌కు వర్తించే షరతులో కనబడితే, "ఇదివరకే చేర్చితిని" అని స్క్రిప్టు రెండవచోట దానిని వదలివేస్తుంది. అప్పుడు లినక్స్‌లో ఆ హెడర్ అసలు లేనట్లే. షరతులోని హెడర్‌ను జాబితాలో నమోదు చేయక, గార్డుతో సహా మరల చేర్చడం దీనికి పరిష్కారం.

ఏ ఫైలైనా దొరకకపోతే స్క్రిప్టు దోషాన్ని తెలిపి ఆగాలి. ఫలితాన్ని ముందు తాత్కాలిక ఫైలులో వ్రాసి, అంతా సవ్యంగా ముగిసిన పిమ్మట మాత్రమే అసలు పేరు పెట్టాలి.

సరిచూచుట

మొదట విలీన ఫైలును ఖాళీ డైరెక్టరీలో ఒంటరిగా ఉంచి కంపైలు చేయాలి. తరువాత ప్రధాన హెడర్‌ను, విలీన ఫైలును వేర్వేరుగా జిసిసి ప్రీప్రాసెసర్ గుండా పంపి, వచ్చిన రెండు పాఠాలను డిఫ్ ఆదేశంతో పోల్చాలి. ఖాళీ పంక్తులు, ఫైళ్ళ పేర్లను తెలిపే గుర్తులు తప్ప తేడా ఉండరాదు.

ప్రీప్రాసెసర్ ఫలితాన్నే విలీన ఫైలుగా వాడరాదు. అందులో మాక్రోల నిర్వచనాలు మిగలవు, ప్రామాణిక హెడర్లన్నీ విస్తరించి ఉంటాయి, షరతులు ఆ యంత్రానికే స్థిరపడిపోతాయి.

పరిమితులు

విలీనం మూల ఫైళ్ళలోని లోపాలను తీర్చదు. ఉదాహరణకు టర్బో సి తో అలవాటైన కోనియో హెడర్ సి ప్రమాణంలో లేదు. దానిని వాడిన ప్రోగ్రాము విలీనం తరువాత కూడా లినక్స్‌లోని జిసిసితో కంపైలు కాదు. విలీన ఫైలును చేతితో సవరించరాదు. మార్పులు మూల హెడర్లలోనే చేసి స్క్రిప్టును మరల నడపాలి.

ఇవి కూడా చూడండి

* సి (ప్రోగ్రామింగు భాష)
* యూనిక్స్
* కంపైలరు
* ఎస్‌క్యూలైట్