గురి కుదిరిన తుపాకి: కొలత యొక్క చరిత్రము



విశ్వకర్మ వంశీయుల మహాసభా సంచికలో దేవాలయ శిల్పమును గూర్చియో, పంచవృత్తుల ప్రాశస్త్యమును గూర్చియో వ్రాయుట పరిపాటి. నేనీయేడు వేటతుపాకిని గూర్చి వ్రాయ సాహసించుచున్నాను. దీనికి కారణము కలదు. మన సభలలో నెవరో యొకరు లేచి, తుపాకి మన పూర్వులు కనుగొన్నదేయనియు, శుక్రనీతిలో నాళికాస్త్రము వర్ణింపబడినదనియు నుపన్యసింతురు. కరతాళధ్వనులు మ్రోగును. ఆ వాదమును 1880వ సంవత్సరమున చెన్నపురి సంస్కృతాచార్యుడగు గుస్తావు ఓపెర్టు పండితుడు ప్రచురించెను. కాని తుపాకిమందు పాళ్లను సైతము చెప్పు నా భాగము తుపాకి మన దేశమునకు వచ్చిన పిదప చేరినదని పెక్కుమంది పరిశోధకుల మతము. జీవితమంతయు సంస్కృతము బోధించిన నాకును అట్లే తోచుచున్నది. లేని కీర్తిని చెప్పుకొనుటచే ఉన్న కీర్తికి చేటు కలుగును.

ఉన్న కీర్తి యల్పమైనది కాదు. నేటి తెలంగాణమునందలి కోనసముద్రమున మన కమ్మరులు మూసలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పారసీక దేశపు వర్తకులు వచ్చి, కొలుముల కడనే నిలిచి సరకు పరీక్షించి తీసికొని పోయెడివారు. ఇట్టి ఉక్కు రహస్యమును తెలియగోరి మైకేలు ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు 1819 మొదలు కొన్ని సంవత్సరములు పరిశోధనలు చేసెను. ఇంతటి ఉక్కు మనకుండగా, గురి తప్పని రైఫిలు మన కొలిమిలో నేల పుట్టలేదు? ఈ ప్రశ్నకు సమాధానము ఆ యాయుధ చరిత్రమునందే కలదు.

నున్నని గొట్టపు తుపాకిలో గుండు గొట్టపు గోడలను తాకుచు వెలువడి, తోచిన దిక్కునకు దొరలుచు పోవును. దీనిని ప్రయోగపూర్వకముగ నిరూపించినవాడు ఆంగ్లేయుడగు బెంజమిను రాబిన్సు. అతడు గొట్టము కొనను ఎడమకు వంచి కాల్చగా, గుండు మొదట ఎడమకు పోయి, పిమ్మట కుడికి తిరిగెను! గుండు యొక్క తిరుగుడే దీనికి హేతువని యతడు గ్రహించెను. గొట్టము లోపల మెలిగాడులు కోసి, గుండును బాణమువలె ముక్కు ముందుకుండునట్లు తిప్పినచో దారి తప్పదని 1747లో వాదించెను. ఈ మహనీయుడు ఈస్టిండియా కంపెనీ కొలువున మన తీరమునకు వచ్చి, కడలూరి చెంతనున్న సెంటు డేవిడు కోటలో 1751లో మరణించెను.

తత్త్వము తెలిసినను పని కుదురుటకు నూరేండ్లు పట్టెను. 1854లో ఆంగ్ల ప్రభుత్వము రైఫిళ్లు చేయు యంత్రములను నిర్మింపుమని జోసెఫు విట్వర్తును కోరెను. ఏ గొట్టము శ్రేష్ఠమో తెలియక యంత్రమెట్లు కట్టుదునని యతడు మాంచెస్టరు చెంత నైదువందల గజముల పొడవున గురిశాల కట్టించుకొని పరీక్షలు సాగించెను. అప్పటి ఎన్‌ఫీల్డు తుపాకిలో గుండు 78 అంగుళములకొక చుట్టు తిరిగెడిది. విట్వర్తు దానిని 20 అంగుళములకొక చుట్టు తిరుగునట్లు చేసెను. 1860లో వింబుల్డను మైదానమున విక్టోరియా రాణి పట్టుత్రాడు లాగగా, అతని రైఫిలు 400 గజముల దూరమున కేంద్రమునకు అంగుళమున్నర లోపుననే గుండును నాటెను. ఈ విట్వర్తే మూడు పలకలను ఒకదానితో నొకటి మార్చి మార్చి రాచి చదును సాధించు విధమును 1840లో చాటినవాడు. అంగుళములో పదిలక్షలవ వంతును కొలుచు యంత్రమును నిర్మించినవాడు. చూడుడు! కొలత ముందు పుట్టెను. గురి తరువాత వచ్చెను.

గడియవలె త్రోసి త్రిప్పి మూయు బోల్టు రైఫిలును ప్రుష్యావాడగు డ్రైసె రూపొందింపగా, 1841లో ఆ ప్రభుత్వము దానిని స్వీకరించెను. జర్మనుడగు పౌలు మౌజరు దానికి పరిపూర్ణతను గూర్చెను. 1898 నాటి యతని రైఫిలులో బోల్టు ముందుభాగమున రెండు కొమ్ములు, రక్షణకై వెనుక మరియొకటి కలవు. జిం కార్బెట్టు 1926లో రుద్రప్రయాగ చిఱుతను కూల్చిన రిగ్బీ రైఫిలును మౌజరు పద్ధతిదే.

ఇట్టి రైఫిలునకు గురి కుదుర్చు పని సమ్మెట పని కాదు. ఆకురాతి పని, ఓర్పు పని. ముందున్న కొమ్ములు రెండును సమముగ నానవలెను. ఒకటియే యానినచో కాల్పు తాకిడికి బోల్టు ఒక ప్రక్కకు వంగును. నేర్పరి నీలిరంగు పూసి యానిక చూచి, కొంచెము కొంచెముగ రాచి సరిచేయును. గొట్టపు మూతి యంచున చిన్న గంటు పడినను వాయువు ఒక ప్రక్కగా ముందు తప్పించుకొని గుండును త్రోసివేయును. కఱ్ఱ వానకాలమున చెమ్మ పీల్చి యుబ్బి గొట్టమును నెట్టును. వేసవిలో గురిచూచినది శ్రావణమున తప్పుట కిదియొక కారణము. కావున గొట్టమునకును కఱ్ఱకును నడుమ కాగితము జరుగునంత సందు విడుతురు. గొట్టమును బోల్టును మోయు భాగము మాత్రము కదలకుండ కఱ్ఱలో నమర్తురు. ఇటీవలి కాలమున నచ్చట ఎపాక్సీ బంక పోసి గట్టిపఱచుచున్నారు. ఒక్కొక మార్పు చేసి, కాల్చి చూచి, పిమ్మటనే రెండవది చేయవలెను; రెండు నొక్కసారి చేసినవానికి ఏది ఫలించినదో తెలియదు. ఒక గుండు నడిమి చుక్కను తాకుట యదృష్టము. ఐదును ఒక్కచోట పడుటయే గురి.

1878 నాటి ఆయుధ శాసనము లైసెన్సు లేనిదే ఆయుధములు చేయుటను నిషేధించి మన కొలుములను గట్టిదెబ్బ కొట్టినమాట నిజము. 1959 నాటి శాసనమును లైసెన్సు వలెననియే చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి శాసనము వినోదపు వేటను కట్టడి చేసెను, అది మంచిదే. కాని శాసనము ఆకురాతిని మన చేతినుండి లాగికొనలేదు. కంటి అంచనాయే చాలునను గర్వముతో కొలతపనిముట్టును మనమే దూరముంచితిమి.

అది మన సంప్రదాయమును కాదు. మా తండ్రిగారు బండిచక్రమునకు ఇనుప పట్టా వేయునపుడు చక్రపు చుట్టును కొలిచి, పట్టాను దానికంటె రవంత తక్కువ చేసి, ఎఱ్ఱగ కాల్చి తొడిగెడివారు. చల్లారిన పట్టా చక్రమును బిగించెడిది. ఆ రవంత యెంతయని నేనడిగితిని. “చేతికి తెలియును” అనిరి. ఆ చేయి 1979లో పోయినది. ఆ లెక్కయు దానితోడనే పోయినది. నేనది వ్రాసికొననైతిని. చదువుకొన్నవాడనై యుండియు చేసిన యీ తప్పును సభ యెదుట నొప్పుకొనుచున్నాను.

కావున దాతలకు నా విన్నపము. ఊరేగింపులకు వెచ్చించు ధనములో కొంత మన బాలురకును బాలికలకును కొలతపనిముట్లు కొని యిచ్చుటకును, లేతు పనిలో శిక్షణ యిప్పించుటకును వినియోగింపుడు. పెద్దల చేతులలోనున్న లెక్కలను బ్రదికియుండగనే వ్రాయించుడు. పూర్వుల గొప్ప పాడుకొనుటకంటె, వారి పనిని వెండ్రుకవాసి తప్పకుండ చేసి చూపుటయే వారికి నిజమైన తర్పణము.

ఇతి శమ్.