కార్డు నంబరు తెలియని బిల్లు కౌంటర్

ఏదైనా పెద్ద సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. బిల్లు 1,250 రూపాయల 50 పైసలు తేలింది. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ మీద ‘కార్డ్’ అన్న మీట నొక్కుతుంది. పక్కనున్న స్వైపింగ్ మిషన్ మీద అదే అంకె దానంతటదే వెలుగుతుంది. కార్డు పెడతాం, పిన్ కొడతాం, స్లిప్పు వస్తుంది, వెనకే బిల్లూ వస్తుంది. ఇంతలో కంప్యూటర్ నుంచి మిషన్‌కు వెళ్లిన కబురు చాలా చిన్నది. మిషన్ మిషన్‌కీ పద్ధతి కాస్త మారుతుంది గానీ ఎక్కువ చోట్ల వరస ఇలా ఉంటుంది: ‘మొదలు’ అని చెప్పే ఒక బైటు (02), రూపాయలను పైసల్లోకి మార్చి ముందు సున్నాలు పేర్చిన పన్నెండంకెల మొత్తం (000000125050), ‘అయిపోయింది’ అనే మరో బైటు (03), దారిలో ఏదైనా చెడిందేమో పట్టుకోవడానికి చివర ఒక సరిచూపు బైటు. అందితే మిషన్ 06 అని బదులిస్తుంది, చెడిపోయి చేరితే 15 అంటుంది. పని ముగిశాక అది కంప్యూటర్‌కు చెప్పేది కూడా కొంచెమే: డబ్బు వచ్చిందా లేదా, బ్యాంకు ఇచ్చిన అనుమతి సంఖ్య, కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు.

పూర్తి నంబరు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, తెలియనివ్వరు. ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. కార్డు పుట్టిన కొత్తల్లో నంబరు తెలియని వాళ్లంటూ షాపులో ఎవరూ ఉండేవారు కాదు.

న్యూయార్క్‌లో 1950లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ కార్డుల మీద నంబరు ఉబ్బెత్తుగా ఉండేది. కార్డును ఒక ఇనప పళ్లెంలో పెట్టి, పైన కార్బన్ స్లిప్పులు పరిచి, రోలర్‌ను ఆ చివరికీ ఈ చివరికీ లాగితే నంబరు స్లిప్పుల మీద అచ్చయ్యేది. ఆ రోజుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అంటే గుమాస్తానే. పోయిన కార్డుల నంబర్లన్నీ అచ్చేసిన చిన్న పుస్తకం అతని దగ్గర ఉండేది, అందులో వెతికి చూడాలి. మొత్తం ఒక హద్దు దాటితే బ్యాంకుకు ఫోన్ చేసి అనుమతి అడగాలి. దొంగలకు పెద్ద తెలివి కూడా అక్కర్లేదు, చెత్తబుట్టలో పారేసిన కార్బన్ కాగితం ఏరుకుంటే చాలు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన మన ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది ఈ కార్బన్ల కాలంలోనే, 1981లో. దేశంలో ఈ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో అదొకటి.

కార్డు వెనక నల్ల పట్టీ వచ్చింది ఐబీఎంలో ఫారెస్ట్ ప్యారీ అనే ఇంజనీరు వల్ల. 1960లలో అయస్కాంత టేపును ప్లాస్టిక్‌కు అతికించబోతే జిగురు పెట్టినప్పుడల్లా టేపు ముడతలు పడి పాడయ్యేదట. ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న ఆయన భార్య ఆ పెట్టెతోనే అంటించి చూడమందని చెబుతారు. అలాగే అతుక్కుంది. ఆ పట్టీలో షాపులకు పనికొచ్చే రెండో వరసలో పట్టేది నలభై అక్షరాలే: నంబరు, ఒక సమానం గుర్తు, గడువు తేదీ, ఇంకొన్ని అంకెలు. ఏ తాళమూ లేదు. చదివే సాధనం చేతిలో ఉన్న ఎవరైనా చదవచ్చు, ఇంకో కార్డు మీద తిరిగి రాయనూవచ్చు.

1980లో ఫ్రాన్స్‌లో ఇంజెనికో, 1981లో హవాయిలో వెరిఫోన్ అనే మిషన్ల కంపెనీలు మొదలయ్యాయి. ఫోన్ తీగకు తగిలించే చిన్న పెట్టెలు కౌంటర్ల మీదికి చేరాయి. అప్పటికే క్యాష్ రిజిస్టర్ స్థానంలోకి కంప్యూటర్ వస్తోంది. రెండు పెట్టెలెందుకు, కార్డు చదివే గాడిని కంప్యూటర్‌కే తగిలిస్తే పోలా అనుకున్నారు. అలా వచ్చిన రీడర్లు తమను కీబోర్డులుగా పరిచయం చేసుకునేవి. కార్డు గీకితే ఎవరో టైపు చేసినట్టే అంకెలు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడేవి. బిల్లింగ్ తెర బదులు నోట్‌ప్యాడ్ తెరిచి గీకితే అందులోనూ నంబరంతా బారుగా పడేది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇంతకంటే సుఖం ఏముంటుంది? వచ్చిన నంబరును డేటాబేస్‌లో దాచేసేవాళ్లు, రిటర్నులకూ వాటికీ పనికొస్తుందని. ఇరవై ఏళ్ల తర్వాతి పెద్ద దొంగతనాలకు విత్తనం అక్కడే పడిందని నా అభిప్రాయం.

విచిత్రమేమిటంటే, అదే కాలంలో పిన్‌ను మాత్రం కంటికి రెప్పలా కాపాడారు. ఈజిప్టులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మొహమ్మద్ అటల్లా 1970లలోనే బ్యాంకుల కోసం పిన్‌ను కాపాడే పెట్టె తయారు చేశాడు. (ఇవాళ దాదాపు ప్రతి చిప్‌లోనూ ఉండే మాస్ఫెట్ ట్రాన్సిస్టర్‌ను 1959లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్‌తో కలిసి చేసిందీ ఆయనే.) 1980ల చివర్లో వీసా సంస్థలో ‘డక్‌పుట్’ అని పిలిచే పద్ధతి వచ్చింది. ప్రతి లావాదేవీకీ కొత్త తాళంచెవి పుట్టించడం దీని కిటుకు. కట్టుదిట్టమైన గదిలో, ఒక్కరి చేతిలోనే పని ఉండకుండా ఇద్దరు ముగ్గురి సమక్షంలో, మిషన్‌లోకి తొలి చెవులు ఎక్కిస్తారు. ఆ తర్వాత మిషన్ ఒక్కో లావాదేవీకి ఒక్కో చెవి వాడుతుంది, వాడినదాన్ని చెరిపేస్తుంది. తను ఎవరో, ఇది ఎన్నో లావాదేవీనో చెప్పే వరస సంఖ్యను మాత్రం బ్యాంకుకు బాహాటంగా పంపుతుంది. అసలు మూలమైన చెవి అవతలివాళ్ల దగ్గరే ఉంది కాబట్టి, ఆ సంఖ్యను బట్టి వాళ్లు అదే చెవిని మళ్లీ లెక్కగట్టి తాళం తీస్తారు. దొంగ మిషన్‌నే ఎత్తుకుపోయినా నిన్నటి లావాదేవీలు విప్పలేడు. ఒక్కో మిషన్‌కు పది లక్షల పైచిలుకు లావాదేవీలకు సరిపడా చెవులుంటాయి. మూత విప్పబోతే చెవులన్నీ తుడిచిపెట్టుకుపోయేలా లోపల తీగల వల అల్లి ఉంటుంది. ఆ చెవులను నిలిపి ఉంచేది లోపలి చిన్న బ్యాటరీ. అది అయిపోయినా, మిషన్ గట్టిగా కిందపడినా తెర మీద ‘ట్యాంపర్’ అని పడుతుంది. ఇక ఆ పెట్టె షాపులో బాగయ్యేది కాదు.

ఇంత హంగామా నాలుగంకెల పిన్ కోసం. పదహారంకెల కార్డు నంబరు మాత్రం అదే తీగ మీద బోసిగా పోయేది.

ఇక చిప్ సంగతి. జర్మనీలో హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెత్‌లాఫ్ 1968లో దీని ఊహకు పేటెంటు కోరారు. గ్రోట్రుప్ అంతకుముందు హిట్లర్ కాలపు వీ-2 రాకెట్ల మీద, యుద్ధం తర్వాత సోవియట్ రాకెట్ల మీద పనిచేసినవాడు. ఫ్రాన్స్‌లో రోలాన్ మొరెనో 1974 మార్చి 25న తన పేటెంటు దాఖలు చేశాడు. ఆయన మొదట చిప్‌ను పెట్టాలనుకున్నది కార్డులో కాదు, వేలి ఉంగరంలో. ఫ్రాన్స్ దీన్ని ఆప్యాయంగా పట్టుకోవడానికి కారణం మాత్రం ఫోన్ బిల్లు. అమెరికాలో ఫోన్ చవక, ప్రతి కొనుగోలుకూ బ్యాంకును అడగొచ్చు. యూరప్‌లో ఫోన్ ఖరీదు, అందుకే బ్యాంకును అడగకుండా కౌంటర్ దగ్గరే పిన్ సరిచూసే కార్డు వాళ్లకు కావాలి. 1992 కల్లా ఫ్రెంచి బ్యాంకు కార్డులన్నిటికీ చిప్ వచ్చేసింది. యూరోపే, మాస్టర్‌కార్డ్, వీసా కలిసి 1996లో ప్రకటించిన ఉమ్మడి ప్రమాణానికి వాటి మొదటి అక్షరాలతోనే ఈఎంవీ అని పేరు.

చిప్ చేసే పని ఇదీ. మిషన్ దానికి మొత్తమూ తేదీ వగైరాలతో పాటు అప్పటికప్పుడు పుట్టించిన ఒక అడ్డదిడ్డం అంకె ఇస్తుంది. చిప్ వాటికి తన లావాదేవీల లెక్కింపును జోడించి, బయటికి ఎన్నడూ రాని తన రహస్య చెవితో ముద్ర వేసి ఎనిమిది బైట్ల సంకేతం తిప్పిచ్చేస్తుంది. బ్యాంకు దాన్ని సరిచూస్తుంది. ఈ సంకేతాన్ని దొంగిలించి లాభం లేదు, రేపటి కొనుగోలుకు అది చెల్లదు. కాబట్టి నకిలీ చిప్ కార్డు చేయడం కష్టం. కానీ చిప్ తన కార్డు నంబరును దాచుకోదు! మిషన్ అడిగితే నంబరు, గడువు తేదీ బహిరంగంగానే చెప్పేస్తుంది. చిప్ అంటేనే ఎన్‌క్రిప్షన్ అని చాలామంది అనుకుంటారు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు సైతం. ఆ రెండూ వేర్వేరు.

ఈ తేడా బ్రిటన్‌కు 2006లో తెలిసొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 14 నుంచి అక్కడ సంతకం పోయి పిన్ వచ్చింది. మూడు నెలలైనా కాకముందే షెల్ పెట్రోలు బంకుల్లో మిషన్లకు లోపల దొంగ పరికరాలు అమర్చి, కార్డు వివరాలూ పిన్‌లూ లాగి, పది లక్షల పౌండ్లకు పైగా కొట్టేశారు. ఆ వివరాలతో చేసిన నకిలీ పట్టీ కార్డులను చిప్ అడగని చోట వాడుకోవచ్చు. రెండేళ్లకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో ముచ్చట బయటపెట్టారు: అప్పట్లో చెలామణీలో ఉన్న ఒక మిషన్ వెనక అరలో సన్న రంధ్రం ఉంది, అందులోంచి కాగితాలకు గుచ్చే క్లిప్పు తీగను దూర్చి కార్డుకూ మిషన్‌కూ మధ్య మాటలు వినవచ్చు. తీగల వల అంత గొప్పగా అల్లి, ఆ ఒక్క చోటు వదిలేశారు.

అమెరికా దెబ్బలు వేరే రకం. టీజేఎక్స్ దుకాణాల వైఫై తాళం బలహీనమైనది కావడంతో కనీసం 4.57 కోట్ల కార్డుల వివరాలు పోయాయని 2007లో తేలింది. చెల్లింపులు మోసే హార్ట్‌లాండ్ సంస్థ నుంచి దాదాపు 13 కోట్లు పోయినట్టు 2009లో బయటపడింది. 2013 చివర్లో పండగ కొనుగోళ్ల హడావిడిలో టార్గెట్ దుకాణాల వంతు, 4 కోట్లు. టార్గెట్‌లోకి దొంగలు దూరింది శీతలీకరణ పనులు చూసే కాంట్రాక్టరు పాస్‌వర్డ్ పట్టుకుని. లోపలికొచ్చాక బిల్లు కంప్యూటర్ల మెమరీని జల్లెడ పట్టారు. పదహారంకెలు, వెంటనే సమానం గుర్తు, నంబరు చివరి అంకె మిగతా అంకెల లెక్కకు సరిపోతే అది కార్డే. డిస్కులో ఎంత భద్రంగా దాచినా, సాఫ్ట్‌వేర్ చేతిలోకి నంబరు వచ్చిన ఆ క్షణాన అది మెమరీలో విప్పారి ఉంటుంది, వాళ్లు ఆ క్షణం కోసమే కాచుకున్నారు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ చేతికి ఇవ్వకూడదు. కార్డు తాకిన చోటే, మిషన్ గుండెలోనే నంబరుకు తాళం వేసి, అవతలి చివర్న చెల్లింపు సంస్థ గదిలోనే తీయాలి. హార్ట్‌లాండ్ అధిపతి రాబర్ట్ కార్ దెబ్బ తిన్నాక దీనికి గట్టి ప్రచారకుడయ్యాడు. కార్డుల భద్రతా ప్రమాణాల మండలి 2011లో దీనికి నిబంధనలు రాసింది. పిన్ కోసం ఎప్పుడో పుట్టిన డక్‌పుట్ చెవులే ఇప్పుడు నంబరుకూ పనికొచ్చాయి.

2015 అక్టోబరు 1న అమెరికాలో చిప్‌కూ గడువు వచ్చింది. ఆ రోజు నుంచి చిప్ కార్డు తెస్తే గీకి తీసుకున్న షాపుదే నకిలీ కార్డుల నష్టం. షాపులు మిషన్లు కొన్నాయి, కానీ ప్రతి మిషన్‌నూ ప్రతి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో, ప్రతి బ్యాంకు దారితో కలిపి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలి. పరీక్షల క్యూలు నెలలకు సాగాయి. చిప్ పెట్టే గాడికి టేపు అంటించి ‘గీకండి’ అని రాసి పెట్టిన కౌంటర్లు ఎన్నో. మరుసటి ఏడాది వీసా పరీక్షలు తగ్గించాల్సి వచ్చింది. మొదట్లో చెప్పిన పన్నెండంకెల కబురు పద్ధతికి గిరాకీ పెంచింది భద్రత కంటే ఈ క్యూలే అంటాను. కార్డు వివరాలు ముట్టని సాఫ్ట్‌వేర్‌కు ఆ పరీక్షల బాధ లేదు, మిషన్ తన సర్టిఫికెట్ తనే తెచ్చుకుంటుంది.

మన దగ్గర మిషన్ల భద్రత కాస్త ముందే సర్దుకుంది. ప్రతి మిషన్‌కూ వేరే చెవి, మిషన్ నుంచి వెళ్లే తీగ మొత్తానికీ ఎన్‌క్రిప్షన్ కావాలని రిజర్వు బ్యాంకు 2011లోనే చెప్పింది. 2013 డిసెంబరు 1 నుంచి డెబిట్ కార్డు గీకినా పిన్ కొట్టక తప్పలేదు. పాత పట్టీ కార్డుల మార్పిడికి 2018 డిసెంబరు 31 గడువు పెట్టింది. మధ్యలో పెద్ద నోట్ల రద్దు. అప్పటికి సుమారు 15 లక్షలున్న మిషన్లు ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపయ్యాయి. వాటిలో చాలా భాగం బిల్లు కంప్యూటర్‌తో పరిచయం లేకుండానే పక్కన కూర్చున్నాయి. 1,250 చూసి చేత్తో 12,500 కొట్టడం, రాత్రి షాపు కట్టేసే వేళ స్లిప్పులూ బిల్లులూ పక్కపక్కన పరిచి లెక్క తేల్చుకోవడం ఈ ఒంటరి మిషన్ల పుణ్యమే.

తీగ కలిపాక ఆ బాధ పోతుంది, కొత్తది వస్తుంది. పిన్ కొట్టాం, బ్యాంకు సరేనంది, ఆ మాట కంప్యూటర్‌కు చేరేలోపు కరెంటు పోయింది. ఖాతాలో డబ్బు కట్, బిల్లు లేదు. బ్యాంకు మాట మిషన్‌కే చేరకపోతే అదే ‘ఇది రద్దు’ అని వెనక్కి కబురు పంపాలి. స్లిప్పు రాకుండా డబ్బు కట్ అయితే లావాదేవీ రోజు పోను అయిదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలనీ, ఆపైన ఆలస్యానికి రోజుకు వంద రూపాయలివ్వాలనీ 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. మిషన్ దాకా వచ్చి కంప్యూటర్‌కు అందని మాటకు మాత్రం నియమాలు సరిపోవు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల పనితనమే దిక్కు. కరెంటు తిరిగొచ్చాక కొత్త బిల్లు తెరవకముందే ‘చివరి లావాదేవీ ఏమైంది?’ అని మిషన్‌ను అడిగి, జవాబు వచ్చేదాకా ఆగే ప్రోగ్రాము ఉన్న కౌంటర్‌లో మీ కార్డు రెండోసారి పెట్టమని అడగరు.